పక్కపక్క సీట్లు

ప్రెస్సులో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. యజమాని మొదలుకొని బైండింగు గదిలో జిగురు కలిపే మనిషి వరకు అందరికీ ఆయన మైళ్ళాయనే. ఆయన పని కాగితం కొనడం. కాగితం, సిరా, అట్టలు, కుట్టుదారం, ఏది నిండుకున్నా ఆయన బల్ల ముందుకు రావలసిందే.

మైళ్ళ గొడవ అనుకోకుండా మొదలైంది. ఒకసారి పాఠ్యపుస్తకాల పని నెత్తిమీద ఉండగా, సొమ్ము చేతిలో పడితేగాని లారీ కదలదని కాగితం వ్యాపారి మొండికేశాడు. యజమాని ఊళ్ళో లేడు. ఈయన ధైర్యం చేసి తన సొంత క్రెడిట్ కార్డు గీశాడు. నెలాఖరుకు యజమాని ఆ సొమ్ము ఇచ్చేశాడు. తర్వాత బ్యాంకు నుంచి ఒక కాగితం వచ్చింది. మీ ఖర్చుకు ఇన్ని మైళ్ళు జమ అయ్యాయి, వీటితో విమానం ఎక్కవచ్చు అని. అందరూ చూడకుండానే చించి పారేసే కాగితం అది. కానీ చిన్న అక్షరాలు చదవడం ఆయనకు ఉద్యోగంవల్ల అబ్బిన గుణం. మధ్యాహ్నం డబ్బా విప్పకుండా కూర్చుని నిబంధనలన్నీ చివరిదాకా చదివాడు. చదివి తలెత్తేసరికి ఆయన వేరే మనిషి.

ఆ తర్వాత ప్రెస్సు కొనే ప్రతి రీమూ ఆయన కార్డుమీదే నడిచింది. యజమానికి సొమ్ము సర్దుకోవడానికి నెల గడువు దొరికింది, ఈయనకు మైళ్ళు దొరికాయి. ఇద్దరికీ బాగానే ఉంది. ఇబ్బంది పడిందల్లా ఇంట్లోవాళ్ళు. కూరగాయలకు ఒక కార్డు, మందులకు ఒకటి, కరెంటు బిల్లుకు మరొకటి. ఏది దేనికో మరిచిపోకుండా ఒక్కొక్కదాని మూలకు ఒక్కో రంగు కాగితం అంటించాడు. సబ్బు కొనాలన్నా భార్య కొట్లోంచి ఫోను చేసి, "ఏమండీ, పచ్చదా ఎర్రదా?" అని అడగాలి.

"బావా, ఊపిరి పీల్చినా పాయింట్లొస్తాయా?" అని బావమరిది వచ్చినప్పుడల్లా ఆటపట్టించేవాడు.

"వచ్చేట్టయితే మీ అక్క గురకకి ఈపాటికి విమానమే కొనుండేవాణ్ణి."

"నేను గురకపెట్టేంత నిద్ర ఎప్పుడు పోయాన్లెండి," అనేది ఆవిడ లోపలినుంచి.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఎక్కువగా రాత్రి డ్యూటీలు. పగలు ఇంట్లో పడుకున్నా గ్యాసు వాడో, పక్కింటి వాళ్ళో, ఆసుపత్రి ఫోనో లేపకుండా ఉండరు. ప్రయాణాలైతే మరీ అన్యాయం. తిన్నగా వెళ్ళే విమానం ఉన్నా, ఎక్కువ మైళ్ళు పడతాయని ఆయన చుట్టుదారి పట్టించేవాడు. కూతురి స్నాతకోత్సవానికి వెళ్ళినప్పుడు రెండుచోట్ల విమానం మారవలసి వచ్చి, ఆవిడ ఇనప బెంచీమీద చేతిసంచీ తలకింద పెట్టుకుని కునికింది. చివరికి చేరేసరికి ఫోటోలో కూతురు నవ్వుతుంటే తల్లి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చేస్తున్నాడో ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగితే "ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవాలి?" అనేవాడు. అసలు సంగతి వేరు. ఒకసారి విమానం ఎక్కుతూ వెనక సీట్ల వైపు నడుస్తుంటే, ఖరీదైన సీట్లుండే ముందు గదిలో వరస ఆగిపోయింది. అక్కడ ఒక కుర్చీ పూర్తిగా వాలి పడకై ఉంది. దానిమీద తెల్లటి దుప్పటి. ఆవిడ చెయ్యి చాచి ఆ దుప్పటి అంచును ఒక్కసారి తడిమింది. "ఎంత శ్రద్ధగా పరిచారో," అంది. అంతే. వరస కదిలింది, ఆవిడా కదిలింది. జీవితమంతా పరాయివాళ్ళకు పక్కలు పరిచిన మనిషి ఆ మాట అనడం ఆయన మరిచిపోలేకపోయాడు. ఆవిడ అలాంటి పక్కమీద ఒరగాలి, ఆ క్షణాన తాను పక్కన ఉండి ఆవిడ ముఖం చూడాలి. ఆయన కోరిక అదొక్కటే. ఆ టిక్కెట్టు వెల ఇద్దరి జీతాలకూ అందేది కాదు. అందుకని మైళ్ళు.

ఆవిడ పేరుమీద కూడా ఒక ఖాతా తెరిచాడు. దాని పాస్‌వర్డు ఆవిడకే తెలియదు. ఒక ఏడాదంతా తన దారిన రావలసిన మైళ్ళు కూడా అటు మళ్ళించి ఆవిడ ఖాతాను బంగారు సభ్యత్వానికి ఎక్కించాడు. బంగారు సభ్యులు విమానాశ్రయంలో ఒకర్ని వెంటబెట్టుకుని విశ్రాంతి గదికి వెళ్ళవచ్చు. ఇద్దరూ ఆ బంగారు మెట్టు ఎక్కనక్కర్లేదు, ఒకరెక్కితే రెండోవాళ్ళు వెనకాల పోవచ్చు. ఈ కిటుకు కనిపెట్టిన రోజున ఆయన ప్రెస్సులో అందరికీ టీ ఇప్పించాడు. ఆయన మాత్రం ఒక మెట్టు కింద, వెండి సభ్యత్వంలోనే ఉండిపోయాడు.

ఉద్యోగ విరమణ దగ్గరపడుతుండగా సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటలూ, ముందు గదిలో పక్కపక్కనే రెండు సీట్లూ కుదిరాయి. ఆవిడ టిక్కెట్టు ఆవిడ మైళ్ళతో, ఆయనది ఆయన మైళ్ళతో. విడివిడిగా తీసిన టిక్కెట్లు కాబట్టి, ఇద్దరూ కలిసి వెళ్తున్నారని విమాన సంస్థకు ఫోనుచేసి రాయించుకోవడం మంచిదని ఆయనకు తెలుసు. 'ఒకటే విమానం, పక్కపక్క సీట్లు, ఇంకా చెప్పేదేముంది' అనుకున్నాడు. అన్ని చిన్న అక్షరాలూ చదివిన మనిషి ఆ ఒక్క ఫోనూ చెయ్యలేదు.

ప్రయాణం రోజు ఉదయం కౌంటరు దగ్గర అమ్మాయి తెరను చాలాసేపు చూసింది. ఆ చూపు ఆయనకు నచ్చలేదు.

"సార్, పెద్ద విమానం మరమ్మతుకెళ్ళింది. బదులు చిన్నది వేశారు. ముందు గదిలో సీట్లు తగ్గిపోయాయి. అమ్మగారి సీటు ఉంది. మిమ్మల్ని రేపటికి మార్చారు."

"అదేంటమ్మా! మేమిద్దరం ఒకటే కదా, మొగుడూ పెళ్ళాలం!"

"మీవి రెండూ వేరువేరు బుకింగులు సార్. కంప్యూటరుకి మీరిద్దరూ ఎవరికెవరో తెలీదు. సీట్లు తగ్గితే బంగారు సభ్యుల్ని ఉంచుతుంది."

"ఆ బంగారం నేను చేసిందేనమ్మా!"

"అయితే బాగా చేశారు సార్," అంది ఆ అమ్మాయి. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అంది.

వెనకనుంచి భార్య నవ్వు వినిపించింది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. తోకలో ఏ మూలనైనా కూర్చుంటానన్నాడు. వెనక కూడా నిండిపోయింది. పోనీ ఇద్దర్నీ రేపటికి మార్చమన్నాడు. రేపు ముందు గదిలో ఖాళీ ఉన్నది ఒక్క సీటే, అది ఇప్పటికే ఈయనకిచ్చేశారు.

"సరే, పద ఇంటికి. ఇంకోసారి చూద్దాం," అన్నాడు.

"ఎందుకు? నేను వెళ్తాను," అంది ఆవిడ.

ఆయన తెల్లబోయాడు. ప్రయాణాల్లో ఆవిడ ఎప్పుడూ ఆయన వెనకే నడిచింది. పాస్‌పోర్టులు ఆయన దగ్గర, టిక్కెట్లు ఆయన దగ్గర, ఏ గేటో చూసేది ఆయన. ఇప్పుడు ఒక్కతే ఎలా వెళ్తుంది? గబగబా అప్పగింతలు మొదలుపెట్టాడు. విశ్రాంతి గది ఎటువైపు, కుర్చీ వాలడానికి ఏ మీట నొక్కాలి, భోజనంలో ఏది ముందు అడగాలి, దిగాక టాక్సీ ఎక్కడ, హోటల్లో ఏ మాట అంటే పై అంతస్తు గది ఇస్తారు.

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "చాల్లెండి. డ్యూటీ మారేటప్పుడు పేషెంటుని అప్పజెప్పినట్టు చెప్తున్నారు. అక్కడ జబ్బు పడిందెవరు? నా పాస్‌పోర్టు ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. ఆవిడ లోపలికి నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసి చెయ్యి ఊపింది. మనిషి కనుమరుగయ్యాక కూడా ఆయన అక్కడే నిలబడ్డాడు, వెనక క్యూలోవాళ్ళు "జరగండి" అనేదాకా.

ఇంటికొచ్చి సోఫాలో కూలబడి ఫోనులో విమానం బొమ్మ కదలడం చూస్తూ కూర్చున్నాడు. చదువయ్యాక సొంత ఊళ్ళోనే ఉద్యోగం చేస్తున్న కూతురు సంగతి విని వచ్చింది.

"మీ అమ్మకి ఆ కుర్చీ మీటలు అర్థమవుతాయంటావా?"

"నాన్నా, అమ్మ ఆసుపత్రిలో వార్డంతా చూసుకుంటుంది. ఒక్క కుర్చీని చూసుకోలేదా?"

"అది కాదే. మొదటిసారి కదా. నేను పక్కనుంటే..."

"ఉంటే ఏం చేసేవాడివి?"

చెప్పబోయి ఆగాడు. ఆవిడ ముఖం చూసేవాణ్ణి అని కన్నకూతురితో అనడానికి సిగ్గేసింది. "ఏమీ లేదులే," అన్నాడు. ఆ అమ్మాయి ఆయన వంక ఒక క్షణం చూసి, మాట పెంచకుండా టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా కూడబెట్టింది మైళ్ళనా, ఆ ఒక్క క్షణాన్నా అని తనలో తాను అనుకున్నాడు. మైళ్ళయితే మళ్ళీ వస్తాయి. మొదటిసారి మళ్ళీ రాదు.

మర్నాడు ఆయన వంతు వచ్చింది. కుర్చీ వాలింది, పళ్ళెం నిజమైన పింగాణీది, గ్లాసు నిజమైన గాజుది. అలవాటు చొప్పున "ఇదొక్కటే విడిగా కొంటే ఎంతో తెలుసా" అనబోతూ పక్కకు తిరిగాడు. అక్కడ ఎవరో కళ్ళకు గంతలు కట్టుకుని నిద్రపోతున్నాడు. చెప్పడానికి మనిషి లేకపోయేసరికి ఆ సుఖాన్ని ఏం చేసుకోవాలో ఆయనకు తోచలేదు. వచ్చినవి అన్నీ తిన్నాడు, ఒక్కదాని రుచీ గుర్తులేదు. తాను ఇన్నేళ్ళూ ఏదైనా అనుభవించాడా, లేక ధర చెప్పుకుని తృప్తిపడ్డాడా? ఇలాంటి ప్రశ్న ఆయన బుర్రలోకి అంతకుముందెన్నడూ దూరలేదు.

హోటలు గదికి చేరేసరికి ఆవిడ లేదు. సాయంత్రం చీర అంచు తడిపేసుకుని, కాళ్ళనిండా ఇసకతో వచ్చింది.

"వచ్చేశారా! ఏమైనా తిన్నారా?"

"అది అలా ఉంచు. ఎలా ఉంది?"

"ఏది?"

"ఏదేమిటి, సీటు!"

"బాగుంది."

"బాగుందంటే? భోజనం ఎలా ఉంది? చివర ఐస్‌క్రీం వేడి సాసుతో ఇచ్చారా?"

"ఏమో. నేను తిన్లేదు."

ఆయన మంచంమీద కూర్చుండిపోయాడు. "తిన్లేదా?"

"ఎక్కగానే పడుకున్నా. దిగేముందు లేచా."

అన్ని వంటకాలు, అన్నేళ్ళ మైళ్ళు. ఆవిడ కాళ్ళు కడుక్కొచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. ముఖం తేటగా ఉంది. కళ్ళకింద ఎప్పుడూ ఉండే నలుపు కొంచెం తగ్గినట్టుంది.

"ఒక సంగతి చెప్పనా," అంది. "పడుకున్నాక ఒకమ్మాయి వచ్చి దుప్పటి భుజాలదాకా లాగి కప్పింది. కళ్ళు మూసుకునే ఉన్నా గానీ తెలిసింది. చేతులు మెత్తగా పెట్టింది, లేపకూడదని. నేను వార్డులో ఎంతమందికి అలా కప్పానో! నాకు కప్పినవాళ్ళు మా అమ్మ తర్వాత ఆ పిల్లే. కన్నీళ్ళొచ్చాయండీ. అలాగే నిద్రపట్టేసింది. ఎవరూ లేపలేదు."

ఆయన మంచంమీది దుప్పటి అంచును వేళ్ళతో సర్దాడు.

"నేనుంటే బాగుండేది," అన్నాడాయన.

"మీరుంటే లేపేవారు."

"లేపేవాణ్ణి కాదు."

"ఐస్‌క్రీం వచ్చిందని లేపేవారు. దాని ఖరీదు కూడా చెప్పేవారు."

ఆయనకు కోపం రావాలి. రాలేదు. లేపేవాడినే అని ఆయనకు తెలుసు. లేపి, తినిపించి, ఎలా ఉందని ముఖంలోకి తొంగిచూసేవాడు. ఆవిడ ఆయనకోసం సంతోషంగా కనిపించి ఉండేది. తాను చూడాలనుకున్న ముఖం, తాను పక్కన ఉండి ఉంటే అసలు పుట్టేదే కాదేమో. అది ఆయనకు చేదుగానే అనిపించింది, కానీ కాదనడానికి ఏమీ దొరకలేదు.

ఉన్న నాలుగు రోజులూ ఆయన దేని వెలా చెప్పలేదు. రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ కనిపెట్టి, "చెప్పండి, పొట్ట ఉబ్బుతుంది," అని నవ్వింది. అయినా చెప్పలేదు. ఆవిడ మాత్రం నడుస్తూనో, పళ్ళు తోముకుంటూనో ఆ విమానం సంగతి ముక్కలు ముక్కలుగా గుర్తుచేసుకునేది. కిటికీ అవతల వెలుగు ఏ రంగులో ఉందో, మెలకువ వచ్చి తానెక్కడున్నానో ఒక నిమిషం తెలియక భయం బదులు ఎంత హాయిగా అనిపించిందో. ఆయన అడ్డురాకుండా విన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అంతసేపు మాట్లాడడం, తాను అంతసేపు వినడం కొత్త.

తిరుగు ప్రయాణంలో పెద్ద విమానమే వచ్చింది. సీట్లు పక్కపక్కనే. రెండింటి మధ్య కావాలంటే కిందికి జారే పలచటి గోడ ఒకటి ఉంది. విమానం పైకి లేచి సర్దుకున్నాక పరిచారిక వంగి, "ఇద్దరూ కలిసే వచ్చారు కదా సార్, ఇది దించమంటారా?" అని అడిగింది.

దించితే ఆవిడ ముఖం కనిపిస్తుంది. ఆయన చెయ్యి దానిమీదకు సగందాకా వెళ్ళింది.

"ఆవిడనడగమ్మా," అన్నాడు.

పరిచారిక అటువైపు వెళ్ళింది. ఏదో అడిగింది. "ఉండనీ తల్లీ, కాస్త పడుకుంటా," అన్న మాట ఇటు వినిపించింది. తర్వాత కుర్చీ వాలుతున్న సన్నటి రొద. ఆయన తన పుస్తకం మూసి, తల గోడకు ఆనించి, ఆ చప్పుడు పూర్తిగా ఆగేవరకు విన్నాడు.