అక్క వాసన చూసిన పీపాలు

పోయిన వారం మా అమ్మాయి హాస్టల్ సామాను కొన్నాళ్ళు దాచడానికి ఒక స్టోరేజ్ గది బుక్ చేసి, తాళం తీసుకుందామని వెళ్ళాను. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటి నుంచి అరగంట డ్రైవ్. ముందువైపంతా మార్చేశారు, లోపల కొత్త పెయింట్ వాసన, వరసగా నారింజ రంగు షట్టర్లు. తలెత్తి పైకప్పు దూలాలు చూసేదాకా గుర్తుపట్టలేదు. అది మా బావగారు విస్కీ కాచిన షెడ్డు. ఆయన పీపాలు ఉన్నచోట ఇప్పుడు ఎవరెవరివో పాత సోఫాలు, పిల్లలు ఎదిగిపోయాక మిగిలిన చిన్న సైకిళ్ళు.

బావగారు కార్ల కంపెనీలో గేర్‌బాక్సుల ఇంజనీరు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక అందరూ ఇల్లు మారుతారు, ఆయన ఉద్యోగం మానేసి సింగిల్ మాల్ట్ విస్కీ తయారు చేస్తానన్నారు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండే మా అక్క నెత్తి పట్టుకుంది. "సారా కాస్తానంటే మావాళ్ళకి ఏం చెప్పుకోనండీ?" అంటే, "సారా కాదు, మొలకెత్తిన బార్లీ తప్ప ఇంకోటి వెయ్యను" అన్నారాయన. "అయితే మొలకల వ్యాపారం అని చెప్తాను" అంది అక్క. నిజంగానే అలాగే చెప్పింది కూడా. ఎవరింట్లో బర్త్‌డే పార్టీ అయినా బావగారు ప్లేటు పట్టుకుని ఒక మూల చేరి అదే కథ మొదలుపెట్టేవారు. పూర్వం స్కాట్లాండ్‌లో కాచినవాళ్ళు పీపాలకి పీపాలే అమ్మేసేవారట. కిరాణా కొట్లవాళ్ళు కొనుక్కుని, కొట్టు వెనక గదిలో ఏళ్ళతరబడి పెట్టి, సీసాల మీద తమ పేరు వేసుకునేవారట. అలా పీపాలు కొని సీసాల్లో నింపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారట. "మొక్కజొన్నతో విస్కీ కాచే ఈ దేశంలో బార్లీతో చేస్తున్నాను, నా సీసా మీద నా పేరే ఉంటుంది" అని ముగించేవారు. అప్పటికి పులిహోర చల్లారిపోయేది.

ఒకరోజు అక్కతో పాటు నేనూ లంచ్ పట్టుకెళ్ళాను. తలుపు తియ్యగానే మాడు వాసన గుప్పుమంది. బావగారు విస్కీ కాచే రాగి బాన పక్కనే నిలబడి, ఏదో గొట్టం బిగించుకుంటున్నారు. "మాడిపోతోందండీ, వాసన రావట్లేదా?" అని అక్క కేక పెట్టింది. ఆయన బాన వైపు చూడలేదు, అక్క ముఖంలోకి చూశారు. జలుబన్నారు. ఆ జలుబు వేసవి వచ్చినా తగ్గలేదు. అప్పటినుంచి అక్కే ఆయన ముక్కయింది. చుక్క కూడా నోట్లో వేసుకోకుండా, గ్లాసు దగ్గరకి పెట్టుకుని కళ్ళు మూసుకుని చెప్పేది. "తడిసిన గోనెసంచి... ఆ వెనక ఆవకాయ జాడీ మూత తీసినట్టుంది... ఇది మాత్రం ఇంకా పచ్చిగా ఉంది." ఆయన బుద్ధిగా తలూపేవారు. వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అని తేల్చిన డాక్టర్, కొందరిలో ముందు వాసన పోతుంది, వణుకు తర్వాత వస్తుంది అని మామూలుగా చెప్పేశాడు.

ఆ చేతులతో ఇంక కాచడం కుదరలేదు. పీపాలు కొనడానికి వేరే రాష్ట్రంలోని షామ్‌బర్గ్ నుంచి ఒకాయన వచ్చాడు, తన పేరుతో సీసాలు నింపుకునే మనిషి. కాచినవాళ్ళ పేరు ఎక్కడా వెయ్యనని ముందే చెప్పాడు. ఏది బాగా వచ్చిందో చూపించమంటే, బావగారు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ముక్కు దగ్గర చాలాసేపు ఉంచుకున్నారు. చివరికి అక్క వైపు తిప్పారు. అక్క వాసన చూసి, "ఇంకా పచ్చి. ఇంకొన్నాళ్ళు వెయిట్ చెయ్యండి" అని ఇంగ్లీషులో బతిమాలింది. అతను మర్యాదగా నవ్వి, ఈ వారమే సీసాల్లో నింపేస్తానని ట్రక్కు పిలిపించాడు. పీపాలు ఎక్కిస్తున్నంతసేపూ బావగారు బయట కారులో కూర్చుని, దిగలేదు.

ఏడాది తిరిగాక, నేను వాళ్ళింట్లో ఉన్నరోజు, పీపాలు కొన్నాయన పంపిన పార్సిల్‌లో ఒక సీసా వచ్చింది. లేబుల్ మీద ఏదో కొండ బొమ్మ, అడుగున సన్నని అక్షరాల్లో మిషిగన్ అని మాత్రం ఉంది. బావగారు దాన్ని బల్లమీద పెట్టించి, "చూసి చెప్పవోయ్" అన్నారు. అక్క చాలాసేపు గ్లాసు దించలేదు.

"బాగుందండీ."

"పచ్చి పోయిందా?"

"పోయింది. ఎండుద్రాక్షలా ఉంది."

ఆ జబ్బుకి ఆయన ముఖం అప్పటికే కదలడం మానేసింది, కళ్ళు మాత్రం తడిశాయి. ఆయన్ని పడుకోబెట్టి వచ్చి అక్క సింకు దగ్గర నిలబడింది. "పోలేదే. ఇంక పోదు కూడా. సీసాలోకి దిగాక దానికి వయసు రాదని నాకు చెప్పింది ఆయనే" అంది. అంటే ఆ అబద్ధం ఆయనకీ తెలిసే ఉంటుంది. తెలిసీ ఆ సాయంత్రం ఇద్దరూ ఊరుకున్నారు.

బావగారు ఇప్పుడు దాదాపు మాట్లాడరు. అక్క అన్నం గరిటెజారుగా చేసి తినిపిస్తుంది. ఏం వండిందో ఆయనకి తెలియదని తెలిసీ, ఇంగువ పోపు పెట్టడం మానదు. చెక్కపీపాలో కాలం ఎంతో కొంత ఇచ్చి వెళ్తుందంటారు. మనుషుల దగ్గర మాత్రం అది ఒక్కొక్కటీ పట్టుకుపోవడమే నేను చూశాను.