నేను ఒత్తిన సీతాఫలాలు

ఈ ఉదయం ఏడు గంటలకు బుక్కరాయసముద్రంలో సీతాఫలాలమ్మే ఆమె నా చేతి మీద చిన్నగా కొట్టింది.

"ఒత్తొద్దక్కా! పచ్చికాయ ఒత్తితే నల్లగయి రాయిమాదిరి అయితాది."

ఆ సంగతి నాకు ఎనిమిదేళ్ళప్పుడే తెలిసింది. మీకు గుర్తుందా, మన ఇళ్ళల్లో కొర్రల బానలో కాయలు పూడ్చి మాగబెట్టేవాళ్ళు? ఆ ఏడు వానలు లేక శెనక్కాయ పంట పోయింది. బెళుగుప్ప దగ్గరి గుట్ట మీద, మేకలు ముట్టని సీతాఫలం చెట్లు మాత్రం కాచాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన చిన్నమ్మ ఆ పండు ఒక్కటే అడిగింది. అవ్వ గుట్టెక్కి ఐదు కాయలు తెచ్చి బానలో పెట్టింది. నేను రోజూ బడి నుంచి రాగానే చెయ్యి దూర్చి, మెత్తబడ్డాయా అని ఒత్తి చూసేదాన్ని.

ఐదోరోజు తీస్తే నాలుగు కాయల మీద నల్లటి వేలిమచ్చలున్నాయి. అవి గట్టిపడిపోయాయి.

"ఎవురే ఒత్తినది?" అవ్వ నావైపే చూసింది.

"నేనేమ్మా," అంది చిన్నమ్మ. "నోరూరి ఆగలేకపోతి."

"కడుపుతో ఉండేదానివి, ఏమనేది నిన్ను!" అని అవ్వ నవ్వేసింది.

మాగిన ఆ ఒక్క పండును చిన్నమ్మ రెండుగా విప్పి సగం నాకిచ్చింది. గుజ్జుకు కొర్రల వాసన పట్టింది. నేను గింజలు కూడా చప్పరించి తినేశాను.

ఈ పొద్దు ఒత్తకుండా ఐదు కాయలు కొన్నాను. గురువారానికి మాగుతాయని అమ్మినామె చెప్పింది. గురువారం పది గంటల బస్సుకు చిన్నమ్మ ఉండే వజ్రకరూరు పోతున్నాను. ఐదూ ఆమెకే.