వంద గ్రాముల జుట్టు

మా వీధి సెలూన్‌లో క్షవరానికి వచ్చేవాళ్ళకంటే బాక్సింగ్ వాదనకు వచ్చేవాళ్ళే ఎక్కువ. అందులో నేనూ ఒకణ్ణి. పుట్టి బుద్ధెరిగాక దోమను తప్ప దేన్నీ కొట్టి ఎరగను గాని, ఛాంపియన్ అన్నవాడు పైతరగతి బరువుకి ఎప్పుడు మారాలో గంటసేపు చెప్పగలను.

ఛాంపియన్ మరెవరో కాదు, సెలూన్ నడిపే కత్తెర మామకు సొంత మేనల్లుడు. అక్క పోయాక ఆయనే పెంచాడు. మూడేళ్ళుగా అరవై కిలోల తరగతిలో వాడికి ఎదురులేదు.

"వాడికి ఎముక ముదిరింది. ఇంక పైకి వెళ్ళాలి" అనేవాడు టైర్ల కొట్టాయన.

"పైవాళ్ళవి సుత్తిదెబ్బలయ్యా. పెరుగుట విరుగుట కొరకే అన్నారు. ఉన్నచోటే ఉండనివ్వండి" అనేవాడు మామ.

నేను మామ పక్షం. పైతరగతిలో ఒకడు దెబ్బ తిని మళ్ళీ లేవకపోవడం ఆయన కళ్ళారా చూశాడట. ఆయనది వాదన కాదు, వట్టి భయమని నాకు అప్పట్లో తట్టలేదు.

ఆ శనివారం పొద్దున పదింటికి మేనల్లుడు వచ్చాడు. పన్నెండింటికి బరువు తూస్తారు, సాయంత్రం టైటిల్ పోటీ. రెండు స్వెటర్లు తొడుక్కున్నా ఒంటిమీద చెమట చుక్క లేదు. నోట్లో ఊరిన కాస్త ఉమ్మి కూడా మింగకుండా చేతిలోని కప్పులో ఊస్తున్నాడు.

"వంద గ్రాములు ఎక్కువున్నాను మామయ్యా. గుండు కొట్టు. నీళ్ళు మాత్రం పెట్టకు, తలలోకి ఇంకుతాయి."

నీళ్ళు తలలోకి ఇంకడమేమిటని మేం నవ్వాం. మామ నవ్వలేదు. పొడి తలమీదే కత్తి ఆనించాడు. సగం గీశాక వాడి మెడమీది చర్మాన్ని రెండువేళ్ళతో పట్టి వదిలాడు. మడత అలాగే నిలబడిపోయింది, ఒంట్లో నీరన్నది లేనట్టు. మామ మొహంలో నెత్తురుచుక్క లేదు.

అయినా, "కానీ మామా, టైమవుతోంది" అన్నది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మామ కత్తి కింద పెట్టేశాడు.

"నా వల్ల కాదురా. ఈ ఒంటితో బరిలోకి దిగితే చచ్చిపోతావు."

"పైకెళితే చంపేస్తారని ఆపింది నువ్వేగా?" గొంతెండిపోయి వాడికి మాట పెగలడం లేదు. "నీ భయం చూడలేకే మూడేళ్ళుగా ఇలా ఎండుతున్నాను."

మామ నీళ్ళ గ్లాసు తెచ్చి వాడి పెదాలకు ఆనించాడు. వాడు పళ్ళు బిగించాడు. బయట కోచ్ బండి హారన్ మోగింది.

"తాగు నాన్నా. తప్పంతా నాదే. నీ కాళ్ళు పట్టుకుంటా, తాగు."

వాడు ఒక గుక్క తాగాడు. తర్వాత గ్లాసు లాక్కుని మొత్తం తాగేసి, ఇంకోటి అడిగాడు. టైటిల్ పోయినట్టే.

మామ మళ్ళీ నీళ్ళు పోశాడు. వాడి భుజాలవంక బెదురుగా చూస్తూ, "పైతరగతిలో ఎడంచేత్తో కొట్టేవాళ్ళు ఎంతమందున్నార్రా?" అని అడిగాడు.