ఫౌజీ అంకుల్ కార్బైన్‌కి గుండు వెతికిన వారం

ఆ రోజుల్లో ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో కోచింగుకి చేరిన మా బోటివాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ ప్రశ్నకైనా నాలుగే జవాబులుంటాయి, అందులో మూడు కొట్టేస్తే మిగిలిందే సత్యం. సివిల్స్ ప్రిలిమ్స్ రెండోసారి రాయబోతున్న నేను ఈ విద్యలో ఎంత ఆరితేరానంటే, మెస్‌లో ఆ పూట కూరేమిటో కూడా వంటింటి వైపు చూడకుండానే తేల్చి చెప్పేవాణ్ణి (చాలాసార్లు తప్పేది, ధీమా మాత్రం తగ్గేది కాదు). తోటివాళ్ళు నన్ను కలెక్టరు అని పిలిచేవారు. వెక్కిరింతేనని తెలిసినా లోలోపల తీపిగానే ఉండేది.

మా ఇంటి ఓనరు ఫౌజీ అంకుల్ సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి. సికింద్రాబాద్‌లో చాలా ఏళ్ళు ఉండటంతో తెలుగు బాగానే పట్టుబడింది. వాళ్ళ తాత గుర్రపు దళంలో వాడిన కార్బైన్ ఒకటి, లైసెన్సుతో సహా, ఆయన దగ్గర ఉండేది. పొట్టి తుపాకీ, మందూ గుండూ గొట్టం మూతి నుంచే దట్టించాలి. అంకుల్‌కి అప్పటికే చేతులు వణకడం మొదలైంది. నెలాఖరుకి దాన్ని తన రెజిమెంటు మ్యూజియానికి ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నారు. ఇచ్చేలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన చేత్తో పేల్చాలని ఆయన కోరిక. ఊరవతల షూటింగ్ రేంజిలో ఆదివారం పొద్దున్నకి అనుమతి దొరికింది. దొరకనిదల్లా గుండే. "బేటా, చదువుకున్నోడివి, దీనికి ఏ సైజు గోలీ పడ్తదో జర నువ్వే చూసి చెప్పు" అన్నారు.

నాకు ఒళ్ళు పులకరించింది. ఆధునిక భారత చరిత్రని మూల పడేసి లైబ్రరీలో మూడు రోజులు కూర్చున్నాను. మూడు రంగుల హైలైటర్లతో కార్బైన్ మీద నోట్సు తయారైంది. ఆ రకం తుపాకులు నాలుగు సైజుల్లో వచ్చాయని తెలిసినప్పుడైతే నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నాలుగంటే ఇంకేం, ఆప్షన్లే కదా. గుర్రం మీద మోసేది కాబట్టి ఇది కాదు, ఆ కాలానికి అది రాలేదు అంటూ మూడు కొట్టేసి 'సి' దగ్గర టిక్కు పెట్టాను. అంకుల్ నన్ను నమ్మి పాత ఢిల్లీలో తుపాకుల దుకాణంలో అదే సైజు సీసపు గుండ్లు తెప్పించారు. గురువారం తెచ్చి గొట్టం మూతి మీద పెడితే గుండు సీసా మీద పెట్టిన లడ్డూలా కూర్చుంది. లోపలికి దిగనంది.

తుపాకీ పట్టుకుని పరుగున దుకాణానికి పోతే అక్కడ తుపాకులు బాగుచేసే ముసలి మిస్త్రీ, గొట్టం కొలిచారా అని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. అంకుల్ నా వైపు చూశారు, నేను నా నోట్సు వైపు చూశాను. అన్నాళ్ళూ తుపాకీ మా పై అంతస్తులోనే ఉంది. మెట్లెక్కి వెళ్ళి కొలవాలన్న ఆలోచన మూడు రోజుల్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. మిస్త్రీ కొలిచి చూస్తే అది నేను అన్నిటికంటే ముందు కొట్టేసిన 'ఎ'. ఇక మందు ఎంత వెయ్యాలో నేను రాసుకున్న లెక్క చూపిస్తే, ఇంత పోస్తే తుపాకీతో పాటు సుబేదార్ సాబ్ కూడా మ్యూజియానికే చేరతారని, ముసలి గొట్టం కాబట్టి తక్కువ మందుతో తనే చూసుకుంటానని చెప్పి, నా నోట్సుని రసీదుల మీద బరువుగా పెట్టుకున్నాడు.

సరైన గుండ్లు దొరికినా చిక్కు తీరలేదు. గుండు గొట్టంలో కాస్త వదులుగా ఉండాలి, నూనె రాసిన నూలుగుడ్డ చుట్టి దాన్ని బిగువుగా దించాలి. ఆ గుడ్డ మందం సరిగ్గా కుదరాలి. పల్చనైతే గుండు జారుతుంది, దళసరైతే దిగదు. శుక్రవారం సరోజినీ నగర్ బజారంతా తిరిగి సంచీడు గుడ్డలు తెచ్చాం. కాటనేనని భయ్యాలు ఒట్టేసి అమ్మినవాటిలో సగం, మిస్త్రీ అగ్గిపుల్ల చూపించగానే కరిగి ముద్దయ్యాయి. మిగతావి గొట్టం మూతి దగ్గరే పనికిరావని తేలిపోయాయి. శనివారం మధ్యాహ్నానికి దుకాణంలో అంకుల్ తుపాకీని దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టారు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

చెమట తుడుచుకుందామని భుజం మీది తుండు తీశాను. వేళ్ళ మధ్య అలా నలిగిందో లేదో, బొటనవేలికి తెలిసిపోయింది. గంజి పోయేదాకా ఉతికిన గుడ్డ, పడుగూ పేకా ఒకే నంబరు నూలు, సందు లేని నేత. మగ్గం పక్కన పుట్టి పెరిగినవాడికి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. చింపి మిస్త్రీకి ఇచ్చాను. అతను గుండుకి చుట్టి, బొటనవేలితో నొక్కి, తలూపాడు.

"యే కపడా ఎక్కడ దొరికింది బేటా?" అన్నారు అంకుల్.

ఢిల్లీలో అప్పటిదాకా ఎవరడిగినా మా నాన్నది టెక్స్‌టైల్ బిజినెస్ అని చెప్పేవాణ్ణి. ఆ పూట నోరు దానంతటదే నిజం చెప్పేసింది. "మా నాన్న నేసిందండీ. చీరాలలో. మాకున్నది ఒకటే మగ్గం."

ఆదివారం రేంజిలో అంకుల్ చేతులు ఎప్పటిలాగే వణుకుతున్నాయి. తుపాకీ భుజానికి ఆనేసరికి వణుకు ఆగింది. ఫెటిల్లుమని మోగి తెల్లటి పొగ కమ్మేసింది, పొగలోంచి మసి మొహంతో ఆయన నవ్వుతూ బయటికొచ్చారు. గుండు ఎక్కడ తగిలిందో మేమెవరమూ చూడలేదు, చూడాలనీ అనిపించలేదు. అంకుల్ కళ్ళు తుడుచుకుని, మీ నాన్నకి ఫోన్ కలపమన్నారు.

స్పీకర్‌లో మగ్గం చప్పుడు ఆగింది. "భాయ్ సాబ్, మీ గుడ్డ మస్తుగుంది, మా తాత తుపాకీ దానితోనే పేలింది" అన్నారు అంకుల్. తుపాకీ సంగతి నాన్నకి ఎక్కినట్టు లేదు. గుడ్డ బాగుందన్న ముక్క మాత్రం స్పష్టంగా ఎక్కింది.

"సంతోషమండీ" అన్నారు నాన్న. "ఎన్ని పంపమంటారు?"

రేంజి దద్దరిల్లేలా నవ్వాం. ఆ నవ్వు ఆగాక కూడా ఫోన్ పెట్టెయ్యకుండా, అంత దళసరి ఎలా కుదిరిందని నాన్నని అడుగుతూ నిలబడ్డాను. ఇంట్లో ఉన్న ఇరవై ఏళ్ళలో ఒక్కనాడూ అడగని కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. నాన్న మాత్రం నేను రోజూ అడుగుతున్నట్టే, విసుక్కోకుండా మొదటి పోగు నుంచీ చెప్పుకొచ్చారు.