కార్నర్ సైగలు చెప్పింది నేనే

ఇది రాసిపెట్టకపోతే, మా క్లబ్బు సైగలు ఎదుటివాళ్లకు చేరవేసింది జెర్సీలు చూసుకునే మలయాళీ పెద్దాయనేనని జనం అనుకుంటూనే ఉంటారు. ఆయన కాదు, నేను.

మాస్కులు తీసేసిన ఏడాది గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ప్రాక్టీసు మైదానంలో గడ్డికి నీళ్లు పట్టేవాణ్ణి. బడి చదువు పదితోనే ఆగింది. సెలవురోజుల్లో లైబ్రరీకి పోయి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఆట శిక్షణ మీద లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం చివరిదాకా చదివాను. ఆ గర్వం నన్ను కుదురుగా ఉండనియ్యలేదు. మైదానం మూల నుంచి కార్నర్ కొట్టే మావాడు ఒక చెయ్యెత్తితే బంతి గోల్ దగ్గరి స్తంభానికి, రెండూ ఎత్తితే దూరం స్తంభానికి, సాక్సు సర్దుకుంటే పక్కవాడికి. పైపు పట్టుకుని వారం చూస్తే తెలిసిపోయింది.

రూములో అన్నం తింటూ ఎవరి పని ముచ్చట వాళ్లు చెప్పుకోవడం మా అలవాటు. నేను ఉల్లిపాయ ముక్కలు పేర్చి మరీ పాఠం చెప్పాను. మా రూములోనే ఉండే గోదావరి తమ్ముడు ఇంకో క్లబ్బు బస్సు నడుపుతాడు.

"ఏం పంతులుగారూ, గడ్డి తడుపుతున్నారా, కోచింగ్ ఇస్తన్నారా?"

"నువ్వు స్టీరింగ్ తిప్పు తమ్మీ. ఇది సదివినోళ్ల ముచ్చట."

ఆ వారం వాళ్ల క్లబ్బుతోనే మ్యాచ్. మా ప్రతి కార్నర్‌కూ వాళ్లు ముందే వచ్చి నిలబడ్డారు. ఓడిపోయాం.

"నవ్వులాటకి మా కోచ్‌కి చెప్పానండీ," అన్నాడు తమ్ముడు ఆ రాత్రి రూములో, తలెత్తకుండా. "ఆయన కాగితం మీద రాసేసుకున్నాడు."

మా ముదీర్‌కు, అంటే మేనేజరుకు, పెద్దాయన మీద అనుమానం. డ్రెస్సింగ్ రూములో ఎప్పుడూ ఉండేది ఆయనే కదా. వారంలో ఊరికి పంపేస్తామన్నారు. మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కొత్త పుస్తకం తెరిస్తే అదే పేజీ దగ్గర ఆగిపోయేవాణ్ణి. నాలుగో రోజు ముదీర్ గదికి పోయి చెప్పేశాను.

"గడ్డివాడివి, నీకేం తెలుసు?" హిందీలో నవ్వాడు. "దోస్తును కాపాడుతున్నావు. ఖలాస్, పో."

పోలేదు. మా కోచ్‌ను పిలిపించమన్నాను. మైదానం మూలన నిలబడి ఒక్కో సైగా చేసి, బంతి ఎక్కడ పడుతుందో చెప్పాను. ఆ పొద్దునే మొదలుపెట్టిన కొత్త సైగ కూడా చెప్పేసరికి కోచ్ ముఖం పాలిపోయింది.

పెద్దాయన ఉద్యోగం నిలిచింది. నన్ను గేటు దగ్గరికి మార్చారు. తర్వాతి నెల మావాళ్లు ఒళ్లు హూనం చేసుకుని గెలిస్తే, క్యాంటీన్‌లో ఎవడో అన్నాడు: "ఈసారి మనం ఎవల సైగలు కొట్టేసినం?" నేను పళ్లెం పట్టుకుని గేటు దగ్గరికి పోయాను.

పేర్లు రాయను గానీ, ఇందులో తన తప్పూ రాయమన్న గోదావరి తమ్ముడికీ, గడ్డివాడి మాట విన్న కోచ్‌కూ దండాలు. పెద్దాయనకు మరీ మరీ. నా సలాముకు ఆయన బదులిస్తాడు. ఇచ్చి, డ్రెస్సింగ్ రూము తాళం ఇంకోసారి లాగి చూసుకుంటాడు.