సీట్లో లేరు

మా ఆఫీసులో సీటంటే కుర్చీ కాదు. ఒక మనిషి చూసే ఫైళ్లన్నీ కలిపి ఒక సీటు. "ఆ సీటు ఎవరు చూస్తున్నారు?" అంటే ఆ పని ఎవరిదని అర్థం. ఎలక్షన్లప్పుడు అదే మాటకి ఇంకో అర్థం, కాలేజీలు తెరిచేటప్పుడు మరొకటి. ఒక్క ఇంగ్లీషు ముక్క పట్టుకుని ఇన్ని రకాలుగా కొట్టుకు చావొచ్చని నాకు ఎర్రమంజిల్‌కి ట్రాన్స్‌ఫరయ్యాకే తెలిసింది.

ఆర్డర్లో నాకు సర్వీసు సర్టిఫికెట్ల సీటు అని రాశారు. అప్పటిదాకా ఏళ్ల తరబడి ఆ సీటు చూసినాయనకి వేరే పని ఇచ్చారు. నేను చేరిన రోజు ఆయన ఫైళ్ల కట్టలు తెచ్చి నా కాళ్ల దగ్గర నేల మీద పడేశాడు.

"సీటు మీకిచ్చారుగా, తీసుకోండి. కుర్చీ, బల్ల ఇస్తామని ఆర్డర్లో లేదు."

సెక్షనంతా నవ్వింది. సూపరింటెండెంట్ గారికి చెప్తే, "కొత్త కుర్చీకి రాశామమ్మా, వచ్చేదాకా సర్దుకోవాలి" అన్నారు. వారం రోజులు బయటివాళ్లు కూర్చునే బెంచీ మీద ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని రాశాను. తర్వాత యూసుఫ్‌గూడలో మా ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఆటోలో వేసుకొచ్చాను. మూడో రోజు అది మెట్ల కింద కాలు విరిగి పడుంది.

"ఎవరు చేశారు?" అని ఆయన్నే అడిగాను.

"నన్నడుగుతారేంటి? మీ కుర్చీకి నేను కాపలానా?" అన్నాడు టీ తాగుతూ, నా వైపైనా చూడకుండా.

ఆ రోజు నుంచి మొండికేశాను. కుర్చీ ఇచ్చేదాకా ఫైలు ముట్టనని చెప్పి, పొద్దున వచ్చి సంతకం పెట్టి, కిటికీ దగ్గర నిలబడేదాన్ని. పంజాగుట్ట వైపు వెళ్లే బండ్లు చూస్తూ సాయంత్రం దాకా అంతే. ఆయన దగ్గు వినబడ్డా నాకు ఒళ్లు మండేది. ఆయన ముందు ఓడిపోకూడదు, అదొక్కటే పట్టుకుని ఉన్నాను.

అలా ఉండగా ఒకమ్మాయి వచ్చింది. చేతిలో కాగితాల కవరు. వాళ్ల నాన్న మా శాఖలోనే వాచ్‌మన్‌గా చేస్తూ చనిపోయాడట. ఆ సంగతి మేం రాసిస్తే ఉద్యోగుల పిల్లల కోటాలో కాలేజీలో సీటొస్తుంది.

"మేడం సీట్లో లేరమ్మా, రేపు రా" అన్నాడాయన. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. విన్నాను. తిరగలేదు.

రెండో రోజూ అదే మాట. మూడో రోజు ఆ పిల్ల నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"మేడం, ఆ సీటు చూసేది మీరేనంట గదా? జర చూడుండ్రి, రేపే ఆఖరు."

"నాకు కూర్చోడానికే దిక్కులేదు. వెళ్లి సూపరింటెండెంట్ గారినడుగు" అన్నాను. గట్టిగానే అన్నాను, ఆయనకి వినబడాలని.

ఆ పిల్ల దరఖాస్తు నా ఫైళ్ల కట్ట మీద పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున ఆ కట్టలు విప్పాను. నిలబడే రాశాను. పది నిమిషాల పని. కానీ పై అధికారి మీటింగ్ నుంచి వచ్చి సంతకం పెట్టేసరికి మూడు దాటింది. దరఖాస్తు మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే ఆ పిల్ల గంటలో వచ్చింది. కాగితం తీసుకుని చూసింది.

"ఇప్పుడే కాలేజీకి ఫోన్ చేసిన. మధ్యాహ్నందాకే చూసిండ్రంట, నా సీటు వేరేటోళ్లకు ఇచ్చిండ్రు."

ఆయన అందుకున్నాడు, "చూశావామ్మా, నేను రోజూ చెప్తూనే ఉన్నా, ఆవిడే..."

"మీరు మాట్లాడకుండ్రి సార్" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు సుత ఆయన లెక్కనే మేడం."

ఆయనతో కలిపి నన్ను లెక్కేసినందుకు నాకు ముందు కోపమే వచ్చింది.

తర్వాత నేను ఆయన మీద ఫిర్యాదు రాసిచ్చాను, ఆయన నా మీద. ఇద్దరికీ మెమోలొచ్చాయి. కొత్త తిరిగే కుర్చీ వచ్చింది నాకు, ఎక్కి కూర్చున్నాను. ఆయన రిటైరైన రోజు అందరూ దండలు తెస్తే నేను సెలవు పెట్టాను.

మళ్లీ కాలేజీలు తెరిచే ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఈసారి ఏ కాగితం కావాలన్నా నేనే దగ్గరుండి చేయిస్తానని చెప్పాను.

"వద్దు మేడం. అమీర్‌పేట్ల కంప్యూటర్ కోర్సుల చేరిన. ఇగ ఫోన్ చేయకుండ్రి."

నేనింకేదో అనేలోపే పెట్టేసింది.