అత్తమ్మ ముందే అడిగిన ముచ్చట

డెబ్బై ఒకటి యుద్ధంలో నా భర్త చనిపోయేనాటికి నాకు ఇరవై ఏళ్లు. వరంగల్ కాశిబుగ్గలో అత్తగారింట్లోనే ఉండిపోయాను. ఏడాది తిరిగాక అత్తమ్మ నా తల నిమిరి, "బిడ్డా, నిన్ను ఇంకో ఇంటికి పంపాలంటె పాణం ఒప్పుతలేదు. నీ మరిదినే చేసుకో, నా కండ్ల ముంగటుంటవు" అని ఏడ్చింది. ఆ ప్రేమకు కరిగిపోయి ఒప్పుకున్నాను.

పెళ్లయ్యాక, మొదటి భర్త పేరు మీద నాకొచ్చే పెన్షన్ ఆగిపోతుందేమోనని భయపడుతూ హనుమకొండలోని సైనికుల ఆఫీసుకు వెళ్లాను.

గుమస్తా నవ్వాడు. "ఫికర్ చెయ్యకమ్మా. బయటోన్ని చేసుకుంటె ఆగుతుండె. మరిదే గద, ఆగదు. గీ ముచ్చట మీ అత్తమ్మ ఎప్పుడో అడిగిపోయింది."

"ఎప్పుడు?"

"మీ ఆయన దినాలైన తెల్లారే."

ఆమె పోయేదాకా వండిపెట్టాను. నా తల మీద మాత్రం మళ్లీ చెయ్యి వేయనివ్వలేదు.